జొన్న రొట్టె విరగకుండా, పొంగేలా చేసుకోవడం: జొన్నలు కొనడం నుంచి ఎండు రొట్టెల దాకా

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవాళ్లు జొన్న రొట్టె గురించి నన్ను అడిగేది ఇంచుమించు ఒకటే మాట. "అంచులు పగులుతున్నాయక్కా, ఎత్తబోతే విరిగిపోతోంది, పెనం మీద పొంగడం లేదు, నాకు చేతివాటం లేదేమో" అంటారు. చివరి మాట ఒక్కటీ నేను ఒప్పుకోను. రొట్టె విరగడానికి చాలాసార్లు కారణం పాతబడిన పిండి, లేదా చాలినంత వేడి లేని ఎసరు. ఆ రెండూ కుదిరితే తట్టడం పదిహేను రోజుల్లో పట్టుబడుతుంది. ఆ రెండూ కుదరకపోతే ముప్పై ఏళ్లుగా రొట్టెలు చేస్తున్న చెయ్యి కూడా ఓడిపోతుంది.

ఈ సంగతి నాకు తెలిసిన తీరు చెబుతాను. ఈ ఊరికి వచ్చిన కొత్తలో అంగడిలో కొన్న పొట్లం పిండితో వరుసగా మూడు ఆదివారాలు రొట్టెలు చేశాను. మూడుసార్లూ ముక్కలే తిన్నాం. నాలుగో వారం నంద్యాల నుంచి వచ్చిన మా అత్తగారు ఆ పిండి చిటికెడు నాలుక మీద వేసుకుని, కాసేపు ఆగి, "నీ చేతిది కాదమ్మా తప్పు, ఈ పిండిలో జిగి లేదు" అన్నారు. జిగి అంటే పిండిని పట్టి ఉంచే జిగురు. మరునాడు మర పట్టించి తెచ్చిన పిండితో, అదే పెనం మీద, నా చేతులతోనే చేసిన రొట్టె పొంగింది. అందుకే ఈ మార్గదర్శిలో తట్టడం ఏడో మెట్టుగా వస్తుంది. దానికి ముందున్న ఆరు మెట్లనూ దయచేసి దాటవేయకండి.

1. జొన్నలు కొనడం

రొట్టెకు కావలసినవి యాసంగిలో పండిన తెల్ల జొన్నలు. వానాకాలపు పంట కోతకు వచ్చే సమయంలో వాన తగిలితే గింజకు బూజు పట్టి నల్లబడే ప్రమాదం ఉంటుంది. యాసంగి గింజ పొడి వాతావరణంలో పండుతుంది కాబట్టి తెల్లగా, నిగనిగలాడుతూ, గట్టిగా ఉంటుంది. విజయపుర, కలబురగి, రాయచూరు వైపు నల్లరేగడి నేలల్లో పండే ఈ జొన్నలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకు వస్తాయి. కనుక వేసవి మొదట్లో కొనుక్కుంటే కొత్త పంట దొరుకుతుంది. ఎక్కువ మొత్తంలో కావాలంటే యశ్వంతపుర మార్కెట్ యార్డులోను, కె.ఆర్. మార్కెట్ చుట్టుపక్కల ధాన్యం అంగళ్లలోను అడగవచ్చు. ఉత్తర కర్ణాటక సరుకులు అమ్మే చిన్న అంగళ్లు చాలా పేటల్లో ఉన్నాయి, వాళ్ల దగ్గర గింజ బాగుంటుంది.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కన్నడంలో జొన్నను "జోళ" అంటారు, మొక్కజొన్నను "మెక్కెజోళ" లేదా "ముసుకిన జోళ" అంటారు. ఈ ఊళ్లో చాలామంది మొక్కజొన్న కంకిని కూడా ఉత్త "జోళ" అనే పిలుస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు "జోళద హిట్టు" (జొన్నపిండి) అని అడిగి మొక్కజొన్న పిండి ఇంటికి తెచ్చుకోవడం నేను చూశాను. "బిళి జోళ" అని, అంటే తెల్ల జొన్న అని, స్పష్టంగా అడగండి.

గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూడవలసినవి:

- గింజ మీద నల్లటి, గులాబీ రంగు మచ్చలు ఉండకూడదు.
- పురుగు తొలిచిన సన్నటి రంధ్రాలు ఉండకూడదు.
- ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన రాకూడదు.
- పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే గింజలో తేమ ఉన్నట్టే.

2. బాగుచేసుకోవడం, మర పట్టించడం

ఇంటికి తెచ్చిన జొన్నలను చాటలో చెరిగి, మట్టిబెడ్డలూ రాళ్లూ ఏరివేయాలి. చాట లేనివాళ్లు వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి ఏరుకున్నా సరిపోతుంది. తర్వాత పొడిబట్టతో రుద్దితే దుమ్ము వదులుతుంది. కడగాలనుకుంటే మాత్రం మిద్దె మీద ఎర్రటి ఎండలో పూర్తిగా ఎండే రోజు చూసుకుని కడగండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి మబ్బు పట్టిన ఆకాశాన్ని నమ్మి కడిగితే లోపల తేమ నిలిచిపోతుంది, పిండి నాలుగు రోజులకే ముక్కిపోతుంది. ఆ నెలల్లో తుడిచి సరిపెట్టుకోవడమే మేలు.

ఒకసారికి రెండు కిలోలకు మించి మర పట్టించకండి. జొన్నగింజ మొలకభాగంలో నూనె ఉంటుంది. గింజగా ఉన్నంతవరకు అది భద్రంగా ఉంటుంది, పిండి అయ్యాక గాలి తగిలి చేదెక్కడం మొదలవుతుంది. రెండు కిలోల పిండికి 100 గ్రాముల ముద్దతో చేసే రొట్టెలు 33 దాకా వస్తాయి. వారంలో నాలుగు రోజులు రొట్టె తినే నలుగురి ఇంటికి అది ఎనిమిది, పది రోజుల గ్రాసం. గింజలు ఐదు కిలోలు కొని పెట్టుకోండి, పిండి మాత్రం ఎప్పటికప్పుడు ఆడించుకోండి.

మర దగ్గర అడగవలసినవి రెండున్నాయి. మొదటిది, మనకంటే ముందు ఏ ధాన్యం పోశారో కనుక్కోవడం. రాగులు ఆడించిన వెంటనే పోస్తే పిండి మసకబారుతుంది, మిరపకాయల తర్వాత పోస్తే ఇక చెప్పనక్కరలేదు. బియ్యం తర్వాతగాని, వేరొకరి జొన్నల తర్వాతగాని పోయించుకోవడం మంచిది. ఇంట్లో గోధుమ పడనివాళ్లుంటే ఈ విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి, ఎందుకంటే మరలో మిగిలిన గోధుమ పిండి మన పిండిలో కలుస్తుంది. రెండోది, "రొట్టెకు, నున్నగా" అని చెప్పడం. చెప్పకపోతే సంగటికో దోసెకో అనుకుని బరకగా వదిలేస్తారు.

ఆడించిన పిండి వేడిగా ఉంటుంది. ఆ వేడి మీదే డబ్బాలో పోసి మూత పెడితే లోపల ఆవిరి నీరై ఉండలు కడుతుంది. ఇంటికి రాగానే పాత నూలుచీర మీద పరిచి, అరగంట ఆరనిచ్చి, జల్లించి, అప్పుడు డబ్బాకెత్తండి. మరీ సన్నని జల్లెడ వద్దు. పెద్ద తవుడు ముక్కలు పోతే చాలు.

3. పిండిని పరీక్షించడం

పొట్లం పిండి వాడక తప్పని ఇళ్లున్నాయి. వాళ్లు కొన్న పిండినీ, మర పిండి వాడేవాళ్లు వారం దాటిన పిండినీ ఇలా పరీక్షించుకోవాలి.

చిటికెడు నాలుక మీద వేసుకోండి. తాజా పిండి చప్పగా మొదలై తియ్యగా ముగుస్తుంది, పాతది నాలుక చివర చేదు వదులుతుంది. తర్వాత రెండు చెంచాల పిండిలో మరిగిన నీళ్లు పోసి, చల్లారాక ఉండ చేసి, బొటనవేలితో బిళ్లలా అదమండి. అంచు చుట్టూ సన్నగా ఒకటి రెండు చీలికలు వస్తే ఫరవాలేదు. పువ్వు రేకుల్లా చుట్టూ విచ్చుకుంటే ఆ పిండి రొట్టెకు పనికిరాదు. చేదు లేకపోతే దానిని దోసెల్లో కలుపుకోండి, చేదు ఉంటే పారేయండి.

4. సిద్ధం చేసుకోవలసిన సామాను

- అడుగు సమంగా ఉన్న ఇనుప పెనం, కనీసం 25 సెంటీమీటర్ల వెడల్పుది. నాన్‌స్టిక్ పెనం వద్దు. రొట్టెకు కావలసిన వేడికి దాని పూత తట్టుకోదు.
- మందమైన అడుగున్న చిన్న గిన్నె, ఎసరుకు.
- అంచున్న పెద్ద పళ్లెం, పిండి పిసకడానికి.
- వెడల్పాటి చెక్క పీట. లేకపోతే తుడిచి ఆరబెట్టిన గ్రానైట్ గట్టు చాలు.
- చేతికి అందేచోట ఒక గిన్నెడు గోరువెచ్చని నీళ్లు, వేరే పళ్లెంలో పొడి పిండి.
- గుప్పెడంత నూలుగుడ్డలు రెండు, ఒకటి నీళ్లు రాయడానికి, ఒకటి రొట్టెను అదమడానికి.
- అట్లకాడ, పట్టకారు.
- గుడ్డ పరిచిన వెదురు బుట్ట.

పొయ్యి వెలిగించే ముందే ఇవన్నీ గట్టు మీద ఉండాలి. రొట్టె పెనం మీద పడ్డాక గుడ్డ కోసం వెతుక్కునే వ్యవధి ఉండదు. వంటింట్లో ఫ్యాను ఆపేయండి. దాని గాలికి ముద్ద పైభాగం ఆరి తోలు కట్టి, ఆ తోలే అంచు దగ్గర పగులుగా మారుతుంది.

5. ఎసరు పెట్టి పిండి కలపడం

ఐదు రొట్టెలకు కొలత: పిండి 300 గ్రాములు, నీళ్లు 250 మిల్లీలీటర్లు, ఉప్పు అరచెంచా. పిండిలో 225 గ్రాములు ఎసట్లోకి, మిగిలిన 75 గ్రాములు సర్దుబాటుకూ పీట మీద చల్లడానికీ.

గోధుమపిండిలో ఉన్న సాగే గుణం జొన్నపిండిలో లేదు. చన్నీళ్లతో ఎంతసేపు పిసికినా అది తడిసిన పొడిగానే ఉంటుంది. దానికి జిగి తెచ్చేది వేడి ఒక్కటే. దాదాపు 70 డిగ్రీలు దాటిన తర్వాతే జొన్నలోని పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బి, జిగురుగా మారి మిగతా రేణువులను పట్టి ఉంచుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ నీళ్లు చల్లని పిండిలో కలిసిన క్షణంలో మొత్తం వేడి 70 డిగ్రీల చుట్టూ దిగిపోతుంది. అంటే మనకు మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. పొయ్యి మీది నీళ్లను దించి, రెండు నిమిషాలు ఆగి, చల్లని స్టీలు పళ్లెంలోని పిండిపై పోస్తే జిగి పుట్టకముందే వేడి చచ్చిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో "నిన్నటిదాకా బాగా వచ్చాయి, ఇవాళ విరుగుతున్నాయి" అని చెప్పేవాళ్ల ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

అందువల్ల నీళ్లను పిండిలో పోయడం మాని, పిండినే మరిగే నీళ్లలో వేయండి.

- గిన్నెలో నీళ్లు, ఉప్పు వేసి ఎసరు తెర్లనివ్వండి. అడుగున చిన్న బుడగలు లేస్తే చాలదు, నీళ్లు కళపెళలాడాలి.
- మంట బాగా తగ్గించి, 225 గ్రాముల పిండిని నడిమధ్యన గుట్టగా పోయండి. కలపవద్దు.
- మూత పెట్టి ఒక నిమిషం ఉంచండి. గుట్ట చుట్టూ నీళ్లు పొంగి పైకి వస్తాయి.
- పొయ్యి ఆర్పి, గరిటె కాడతో గుట్ట మధ్యన పొడిచి, అడుగునుంచి పైకి కలపండి. పొడి కనబడకుండా పోతే చాలు, ఈ దశలో నున్నదనం అక్కరలేదు.
- మళ్లీ మూత పెట్టి పది నిమిషాలు కదిలించకండి.

ఈ పది నిమిషాలను తగ్గించుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. ఆ వ్యవధిలోనే ఆవిరి లోపలి ఉండలకు చేరుతుంది. మూత తీసినప్పుడు ముద్ద రంగు ఒక ఛాయ ముదిరి, వేలితో నొక్కితే కొద్దిగా మెరిసే తడి కనిపించాలి. ఆ మెరుపు కనిపిస్తే జిగి పుట్టినట్టే.

6. పిసకడం

ముద్దను పళ్లెంలోకి దించి, చేతికి తాళేంత వేడి ఉండగానే పిసకడం మొదలుపెట్టాలి. వేళ్లతో కలపడం వల్ల లాభం లేదు. మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ముద్దను ముందుకు తోసి, మడిచి, మళ్లీ తోయాలి. పొడిగా అనిపిస్తే చెయ్యి గోరువెచ్చని నీళ్లలో ముంచి పిసకండి, నీళ్లు నేరుగా పోయకండి. చేతికి అంటుకుంటుంటే పక్కన పెట్టుకున్న పొడి పిండిలో ఒక్కొక్క చెంచా కలపండి. నాలుగైదు నిమిషాలకు ముద్ద వెన్నలా నున్నబడి, పళ్లేనికి అంటకుండా విడివడుతుంది.

మొత్తాన్ని ఐదు భాగాలు చేసి తడిగుడ్డ కప్పండి. ఆ తర్వాత చేయవలసిన పనిని నేను అన్నిటికంటే ఎక్కువగా నొక్కి చెబుతాను: రొట్టె తట్టే ముందు ఆ ఒక్క భాగాన్ని మళ్లీ అరనిమిషం, తడిచేత్తో, గట్టిగా పిసకాలి. జొన్నముద్ద చల్లారే కొద్దీ బిగుసుకుంటుంది, నాలుగో రొట్టె వంతు వచ్చేసరికి అది మొదటి రొట్టె నాటి ముద్ద కాదు. ఈ అరనిమిషం దానిని మళ్లీ దారికి తెస్తుంది. మొదటి రెండూ బాగా వచ్చి చివరివి విరిగే ఇళ్లలో తప్పిపోతున్నది ఇదే.

7. తట్టడం

మెజెస్టిక్ దగ్గర గాంధీనగర్‌లో ఒక ఖానావళిలో (భోజనశాలలో) రొట్టెలు చేసే ఆమె చేతులను నేను అరగంట నిలబడి చూశాను. ఆమె కుడిచెయ్యి రొట్టె నడిమి మీద దాదాపు పడనే లేదు. దెబ్బ ఎప్పుడూ అంచుకు రెండు వేళ్ల లోపలే పడుతోంది. ఎడమచెయ్యి నిలువుగా, అరచెయ్యి రొట్టె వైపు తిప్పి, అంచుకు ఆనుకుని గోడలా నిలిచి ఉంది. కుడిచేతి దెబ్బకు పిండి బయటికి జరగబోతే ఆ గోడ దాన్ని ఆపి అంచును నున్నగా సరిచేస్తోంది. రొట్టెను ఆమె ప్రత్యేకించి తిప్పడం లేదు, ప్రతి దెబ్బ చివర వేళ్లు కొద్దిగా పక్కకు లాగడంతో అదే తిరుగుతోంది. ఇంటికొచ్చి ఆ ఎడమచేతి గోడ ఒక్కటి అలవాటు చేసుకున్నాక నా రొట్టెల అంచులు పగలడం సగానికి సగం తగ్గింది.

వరుస ఇది:

- పీట మీద పొడి పిండి చల్లి, అరచేతితో జానెడు వెడల్పున పరచండి. కాస్త ధారాళంగానే చల్లండి, ఆ పిండి మీదే రొట్టె జారి తిరగాలి.
- ముద్దను రెండు అరచేతుల మధ్య తిప్పుతూ బిళ్లలా చేయండి. బిళ్ల అంచులో చిన్న చీలిక ఉన్నా ఇప్పుడే తడివేలితో పూడ్చండి. ఇక్కడి సన్నని గీత పెద్ద రొట్టెలో రెండంగుళాల పగులు అవుతుంది.
- బిళ్లను పీట మీద ఉంచి, ఎడమచేతిని అంచుకు ఆనించి, కుడిచేతి నాలుగు వేళ్లతో మెల్లగా తట్టడం మొదలుపెట్టండి. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి.
- అరచెయ్యంత అయ్యాక తట్టే వేగం పెంచండి. తిరగకుండా ఒకచోట నిలిచిపోతే కింద పిండి తక్కువైనట్టు. అంచు మెల్లగా ఎత్తి కింద చిటికెడు చల్లండి.
- పైన పొడి పిండి చల్లకండి. చెయ్యి అంటుకుంటుంటే వేళ్ల చివరలకు మాత్రం పిండి అద్దుకోండి.
- 18 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పు వచ్చాక ఆపండి. మందం అంతటా సమంగా, రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. నడుమ పలచబడి అంచు మందంగా ఉంటే రొట్టె పొంగదు.

నేర్చుకునే మొదటి వారం 15 సెంటీమీటర్ల రొట్టెలే చేయండి. చిన్న రొట్టె విరగకుండా ఎత్తడం వస్తే పెద్దది దానంతటదే వస్తుంది.

ఎత్తడానికి కుడి అరచెయ్యి వెల్లకిలా తిప్పి, వేళ్లను రొట్టె కిందికి జార్చి, సగం దాకా వెళ్లాక ఎత్తి, ఎడమచేతి మీదికి మార్చుకోవాలి. పీట చివరికి రొట్టెను జరిపి, అంచు బయటికి వచ్చాక కిందనుంచి అందుకోవడం కొత్తవాళ్లకు సులువు.

8. పెనం మీద

రొట్టె తట్టడం మొదలుపెట్టినప్పుడే పెనం పొయ్యి మీద ఉండాలి. నీటిచుక్క వేస్తే ముత్యంలా ఉరికి రెండు మూడు క్షణాల్లో మాయం కావాలి. నూనె రాయకూడదు.

పీటకు ఆనిన వైపు, అంటే పొడి పిండి అంటిన వైపు, పైకి వచ్చేలా రొట్టెను వేయండి. వేసిన వెంటనే తడిగుడ్డతో పై భాగమంతా, అంచులతో సహా, ఒత్తకుండా తుడిచినట్టు నీళ్లు రాయండి. ఈ నీళ్లు పొడి పిండిని కడిగి, పైపొరను అతికిస్తాయి. అంచు మీద ఒక్క అంగుళం పొడిగా మిగిలినా అక్కడి నుంచే పగులు మొదలవుతుంది, పొంగేటప్పుడు ఆవిరి అక్కడి నుంచే పోతుంది.

ఇప్పుడు తిప్పే సమయం చూడాలి. నీటి మెరుపు తగ్గి, పైభాగం తడిగా ఉన్నట్టు కనబడుతూనే వేలికి అంటని స్థితి ఒకటి వస్తుంది. మధ్యస్థానికి కాస్త మించిన మంట మీద అది 30, 40 సెకన్లలో వస్తుంది. అప్పుడే అట్లకాడతో తిప్పాలి. ముందే తిప్పితే పెనానికి అంటుకుంటుంది, పూర్తిగా ఆరాక తిప్పితే బీటలు కనిపిస్తాయి. తిప్పాక రెండో వైపు ఒకటి, ఒకటిన్నర నిమిషం కాలనిచ్చి, లేత గోధుమరంగు మచ్చలు పడ్డాక రెండోసారి తిప్పాలి.

9. పొంగించడం

గ్యాసు పొయ్యి ఉన్నవాళ్లకు రెండు దారులున్నాయి. పెనం మీదే ఉంచి, మడిచిన పొడిగుడ్డతో అంచుల చుట్టూ మెల్లగా అదుముతూ తిప్పడం ఒకటి. పెనం పక్కకు జరిపి, పట్టకారుతో నేరుగా మంట మీద పది, పదిహేను సెకన్లు పట్టడం ఇంకొకటి. నేను మొదటిదే చేస్తాను, రొట్టె ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది. ఏ దారిలోనైనా పొంగిన రొట్టె చిల్లుపడితే వేడి ఆవిరి ఒక్కసారిగా పక్కకు చిమ్ముతుంది, మణికట్టు దూరంగా పెట్టుకోండి. పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

అద్దె గదుల్లో ఇండక్షన్ పొయ్యితో సరిపెట్టుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకూ రొట్టె పొంగుతుంది. అడుగు పూర్తిగా చదునుగా ఉన్న ఇనుప పెనం ఉండాలి. ముందు మధ్యస్థ వేడి మీద ఐదు నిమిషాలు తాపి, తర్వాత వేడి పెంచండి, ఒక్కసారిగా పూర్తి వేడి పెడితే పెనం నడుమ ఉబ్బి వంకర తిరగవచ్చు. ఇండక్షన్ వేడి నడిమి భాగంలోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి రొట్టెను పెనం మీద పక్కలకు జరుపుతూ, అంచులు నడిమికి వచ్చేలా కాల్చాలి. చివర గుడ్డతో అదమడం తప్పనిసరి.

పొంగనంత మాత్రాన రొట్టె చెడినట్టు కాదు. రెండు వైపులా మచ్చలు పడి, అంచు పచ్చిగా లేకపోతే అది ఉడికిన రొట్టే, నిశ్చింతగా తినవచ్చు.

10. తప్పులు, సవరణలు

బిళ్ల దశలోనే అంచులు పగులుతున్నాయి. ముద్దలో నీళ్లు తక్కువ, లేదా చల్లారిపోయింది. తడిచేత్తో ఒక నిమిషం పిసకండి. అప్పటికీ పగిలితే ముద్దలో నాలుగోవంతు తీసి, రెండు చెంచాల నీళ్లతో చిన్న గిన్నెలో గట్టి జావలా ఉడికించి, మిగతా ముద్దలో కలిపి పిసకండి. ఎసరు చాలని పిండిని ఇది చాలావరకు కాపాడుతుంది. పాతపిండిని మాత్రం కాపాడలేదు.

పీటకు అంటుకుంటోంది. ముద్ద మరీ జిగటగా ఉంది. పొడి పిండి కలిపి మళ్లీ పిసకండి. పీట మీద తడి ఉందేమో కూడా చూడండి.

ఎత్తేటప్పుడు నడిమికి విరుగుతోంది. నడుమ పలుచబడింది. దెబ్బలు అంచుకు దగ్గరగా వేయండి.

పెనం మీద తెల్లటి పొడి మిగిలి, నోటికి పిండి తగులుతోంది. నీళ్లు సరిగా రాయలేదు, లేదా పెనం మీద రాలిన పిండిని తుడవలేదు. ప్రతి రొట్టెకూ ముందు పొడిగుడ్డతో పెనం తుడవాలి. మాడిన పిండి తర్వాతి రొట్టెకు చేదు అంటిస్తుంది.

ఒక పక్కే పొంగుతోంది. మందం సమంగా లేదు. పొంగిన భాగాన్ని గుడ్డతో మెల్లగా అదిమితే ఆవిరి రెండో పక్కకు జరుగుతుంది.

చల్లారగానే అట్టలా గట్టిపడుతోంది. సన్నమంట మీద ఎక్కువసేపు కాల్చడం వల్ల తేమంతా పోయింది. మంట పెంచి, సమయం తగ్గించండి.

జిగి కోసం గోధుమపిండి కలపమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను దానికి వ్యతిరేకిని. రుచి మారుతుంది, గోధుమ మానేసినవాళ్లకు తెలియకుండా హాని జరుగుతుంది, అన్నిటికీ మించి ఎసరులోని తప్పు ఎప్పటికీ బయటపడదు. ఇదే పద్ధతిలో సజ్జ రొట్టె చేసుకునేవాళ్లు మాత్రం నీళ్లు కాస్త తగ్గించి పెట్టాలి, సజ్జపిండి జొన్నపిండికంటే త్వరగా చేదెక్కుతుంది కాబట్టి కిలోకు మించి ఆడించకూడదు.

11. చపాతీ కర్ర వాడేవాళ్లకు

చేతి నొప్పులున్నవాళ్లూ, తట్టడం ఇంకా పట్టుబడనివాళ్లూ కర్రతో చేసుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ముద్దను ముందు చేత్తో అరచెయ్యంత తట్టి, ఆ తర్వాతే కర్ర పట్టండి. కర్రను అదమకుండా, నడిమి నుంచి బయటికి దొర్లించినట్టు కదపాలి. అంచు పగిలితే ఒక వెడల్పాటి మూత బోర్లించి గుండ్రంగా కోసి, మిగిలిన పిండిని తర్వాతి ముద్దలో కలపండి. కర్రతో చేసిన రొట్టెకు పైన కూడా పొడి పిండి అంటుతుంది కాబట్టి నీళ్లు రాసేటప్పుడు మరికొంత శ్రద్ధ కావాలి.

12. ఆఫీసుకు వెళ్లే ఉదయాల్లో పని వరుస

పది రొట్టెలకు నాకు పట్టే సమయం యాభై నిమిషాలు, మొదట్లో గంటన్నర పట్టేది. ఈ వరుస పాటిస్తే హడావుడి తగ్గుతుంది.

- ముందురోజు రాత్రి: పిండి, ఉప్పు కొలిచి ఉంచడం, గుడ్డలు ఉతికి ఆరేయడం.
- లేవగానే: కొలతలు రెట్టింపు చేసి ఎసరు పెట్టడం, పిండి వేయడం, మూత పెట్టడం.
- ముద్ద ఉమ్మగిలే పది నిమిషాల్లో: కూరకు తరుగుకోవడం, పీట, పెనం సర్దుకోవడం.
- పిసికాక ముద్దను రెండు సగాలు చేసి, ఒక సగాన్ని ఎసరు గిన్నెలోనే మూత కింద వెచ్చగా ఉంచడం.
- ఒక రొట్టె రెండో వైపు కాలుతుండగా తర్వాతి ముద్దను పిసకడం. తట్టడం మాత్రం మొదటిది దిగాకే. రెండు పనులూ ఒకేసారి చేయబోతే పెనం మీది రొట్టె తిప్పే క్షణం దాటిపోతుంది.

పిండిని రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం ఈ రొట్టెకు పనికిరాదు. చల్లబడిన ముద్ద గట్టిపడి పొడిపొడిగా విరుగుతుంది.

13. మెత్తగా నిలవ ఉంచడం, ఎండు రొట్టెలు

దించిన రొట్టెను నేరుగా హాట్‌బాక్సులో వేసి మూత బిగిస్తే చెమటపట్టి కింది రొట్టెలు నానిపోతాయి. గుడ్డ పరిచిన వెదురు బుట్టలో రెండు నిమిషాలు ఆవిరి పోనిచ్చి, ఒకదానిపై ఒకటి పేర్చి, గుడ్డ మడిచి కప్పాలి. మధ్యాహ్నం డబ్బాకు పెట్టేటప్పుడు మడవకుండా, నాలుగు ముక్కలు చేసి పెట్టండి. సాయంత్రం మిగిలినవాటికి రెండు వైపులా తడిచెయ్యి రాసి వేడి పెనం మీద వేస్తే మెత్తబడతాయి.

ఊరికి వెళ్లే ముందూ, పిల్లలు హాస్టలుకు వెళ్లేటప్పుడూ ఎండు రొట్టెలు చేసి పెట్టుకోవచ్చు. వీటికి ముద్ద 70 గ్రాములు చాలు. ఎంత పలుచగా తట్టగలిగితే అంత పలుచగా తట్టి, మామూలుగా రెండు వైపులా కాల్చి, తర్వాత మంట పూర్తిగా తగ్గించి, గుడ్డతో అదుముతూ, తేమ పోయి పెళుసుబారే దాకా తిప్పుతూ ఉండాలి. ఒక్కొక్కటికి ఆరేడు నిమిషాలు పడుతుంది. దించాక ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, పూర్తిగా చల్లారనివ్వాలి. గోరుతో కొడితే టంగుమని మోగాలి. మోగకుండా మందంగా పలికితే లోపల ఇంకా తేమ ఉన్నట్టే, మళ్లీ పెనం ఎక్కించండి. మోగిన రొట్టెలు గాలి చొరని డబ్బాలో పదిహేను, ఇరవై రోజులు నిలుస్తాయి. వానాకాలంలో డబ్బా అడుగున ఒక పొడి కాగితం పరిచి, తీసిన ప్రతిసారీ మూత వెంటనే బిగించండి.